పోత బుల్లెట్లకి సైజింగ్ ప్రెస్ కొనేముందు: లీ, ఆర్‌సీబీఎస్, లైమన్, స్టార్

షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన మనవాళ్లలో కొందరు కొన్నాళ్లకి ఖాళీ ఇత్తడి కేసులు ఏరుకుని ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం మొదలుపెడతారు. వాళ్లలో ఒకరిద్దరు ఇంకాస్త ముందుకెళ్లి అచ్చు, సీసం కరిగించే కుండ కొంటారు. ఆ తరవాత నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, బుల్లెట్లు పోశాను. సైజింగ్ ప్రెస్ ఏది తీసుకోమంటావ్?" పోత పోసిన బుల్లెట్లన్నిటినీ ఒకే వ్యాసానికి తెచ్చే యంత్రం అది.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మొట్టమొదట లీ కంపెనీ సైజింగ్ కిట్ కొనండి. గ్రీజు గాడి ఉన్న బుల్లెట్లు రెండు మూడు కాలిబర్లలో, అంటే తూటా సైజుల్లో, కాల్చేవాళ్లయితే ఆ తరవాత ఆర్‌సీబీఎస్ లూబ్-ఎ-మాటిక్ గానీ, లైమన్ 4500 గానీ తీసుకోండి. ఒకే కాలిబర్ వేలకి వేలు కాల్చేవాళ్లకి స్టార్. నా బెంచి మీద ఉన్నది ఆర్‌సీబీఎస్, దాని పక్కన లీ డైలు. కానీ వీటన్నిటికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ప్రెస్ మీద ఉన్న పేరు కన్నా, అందులో పెట్టే డై (బుల్లెట్‌ని నెట్టే రంధ్రం ఉన్న ఉక్కు ముక్క) మీద ఉన్న నంబర్, అంటే ఆ రంధ్రం వ్యాసం, ముఖ్యం. ఆ నంబర్ తెలియకుండా ఎంత ఖరీదైన ప్రెస్ కొన్నా డబ్బు దండగే.

ఇంకో మాట కూడా ముందే. ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసమే. ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రాల రూల్స్ వేరుగా ఉంటాయి, చూసుకోండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధం. ఇక ఇండియాలో తూటాలూ, వాటి తయారీ 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. అందుకని రేంజ్‌కి వాడే బ్యాగుని ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున, ఏదో అరలో ఒక్క రౌండ్ ఉండిపోయినా ఎయిర్‌పోర్టులో కేసవుతుంది. సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడానికే సరిపోతాయి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో ఒక టూల్ రూమ్‌లో ఇన్‌స్పెక్షన్ చూస్తున్నాను. అంగుళంలో వెయ్యో వంతుని మేము థౌ అంటాం. రోజంతా థౌలతోనే బతుకు కాబట్టి బుల్లెట్ విషయంలోనూ నా కళ్లు ముందు మైక్రోమీటర్ మీదికే పోతాయి.

అచ్చులోంచి రాలిన బుల్లెట్ నున్నగా మెరుస్తూ ఉంటుంది గానీ, పూర్తి గుండ్రంగా ఉండదు. అచ్చు దిమ్మెలు రెండూ కలిసేచోట సన్నటి గీత పడుతుంది. ఆ గీత మీద కొలిస్తే ఒక లెక్క, దానికి అడ్డంగా కొలిస్తే ఇంకో లెక్క. సీసంలో తగరం, ఆంటిమొనీ పాళ్లు మారితే అదే అచ్చు ఒక థౌ అటూ ఇటూ ఇస్తుంది. సైజింగ్ ప్రెస్ పని ఈ బుల్లెట్‌ని ఒక గట్టి ఉక్కు డైలోంచి నెట్టి, అన్నీ ఒకే వ్యాసానికి తేవడం. అదే దెబ్బలో బుల్లెట్ నడుముకి ఉన్న గాడిలోకి మైనం లాంటి లూబ్ కూడా ఎక్కించేది లూబ్రిసైజర్. అడుగున గ్యాస్ చెక్, అంటే చిన్న రాగి కప్పు, పెట్టే రకమైతే దాన్ని బిగించేది కూడా ఇదే.

ఇక డై నంబర్ సంగతి. బుల్లెట్ బ్యారెల్ కన్నా సన్నగా ఉంటే మండిన మందు గ్యాస్ పక్కల సందుల్లోంచి ముందుకి దూసుకుపోతుంది. పోతూ పోతూ సీసాన్ని కోసి బ్యారెల్ గోడలకి పూస్తుంది. దీన్నే ఇక్కడ లీడింగ్ అంటారు. ఒకసారి పట్టిందంటే బ్రష్ పట్టుకుని గంటలకొద్దీ తోమాలి, గురి కూడా చెడుతుంది. లీడింగ్ రాగానే చాలామంది ఇంకా గట్టి సీసం కావాలనో, ఇంకా ఖరీదైన లూబ్ కావాలనో పరిగెడతారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు రోగం సైజులోనే ఉంటుంది. రాగి తొడుగు బుల్లెట్లు 9 ఎంఎంకి 0.355 అంగుళం, .45 ఆటోకి 0.451 ఉంటాయి. పోత బుల్లెట్‌కి మామూలుగా దాని మీద ఒక థౌ కలుపుతారు: 0.356, 0.452. .38 స్పెషల్‌కి 0.358. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్కలే. మీ తుపాకీకి ఏది కావాలో మీ తుపాకీయే చెప్పాలి. నా 9 ఎంఎం పిస్టల్ పుస్తకంలో ఉన్న 0.356కి లొంగలేదు. 0.357 డై పెట్టాక బ్యారెల్ శుభ్రంగా ఉంటోంది.

కొలవడం ఎలాగంటే, తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ లోపల నూనె రాసి, చేపల గాలానికి కట్టే మెత్తటి సీసపు గుండుని ఇత్తడి కడ్డీతో ఒక చివర నుంచి రెండో చివరకి మెల్లగా నెట్టాలి. బ్యారెల్ కన్నా గుండు కొంచెం లావుగా ఉండాలి. బయటికొచ్చిన గుండు మీద రైఫ్లింగ్, అంటే బ్యారెల్ లోపల మెలితిరిగి ఉండే చాళ్ల, అచ్చు దిగి ఉంటుంది. ఎత్తుగా ఉన్న చారల మధ్య మైక్రోమీటర్‌తో కొలవాలి. వెర్నియర్ చాలదు, థౌ తేడా దాని మీద నమ్మకంగా దొరకదు. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లతో ఒక చిక్కుంది. వాటి బ్యారెల్లో రైఫ్లింగ్ చాళ్లు అయిదు. ఎత్తుకి ఎదురుగా పల్లం వస్తుంది కాబట్టి మామూలు మైక్రోమీటర్ అసలు కొలత చెప్పదు. వీ ఆకారపు దిమ్మె ఉన్న మైక్రోమీటర్ కావాలి, అది అందరి దగ్గరా ఉండదు.

అందుకే రివాల్వర్ వాళ్లకి నేను సిలిండర్ గదుల ముందు నోళ్లు చూడమంటాను. సైజ్ చేసిన బుల్లెట్‌ని గది ముందు వైపు నుంచి పెట్టి వేలితో కొంచెం నొక్కితే దిగాలి. దానంతట అదే జారి పడిపోతే బుల్లెట్ సన్నం. ఎంత నొక్కినా దిగకపోతే లావు. ఆరు గదులూ ఇలా చూడాలి, ఒకటి రెండు తేడాగా ఉండే సిలిండర్లు లేకపోలేదు. నోళ్లు బ్యారెల్ కన్నా ఇరుకుగా ఉన్న రివాల్వర్ అయితే ఏ ప్రెస్సూ ఏ డైయ్యీ కాపాడవు. బుల్లెట్‌ని ముందు ఆ నోళ్లే నలిపి సన్నం చేసేస్తాయి. అది గన్‌స్మిత్ దగ్గర రీమర్‌తో సరిచేయించుకోవాల్సిన పని.

ఇప్పుడు ప్రెస్సుల దగ్గరికొద్దాం.

లీ కిట్ వేరే ప్రెస్ కాదు. ఖాళీ కేసులు నింపడానికి మీ దగ్గర ఎలాగూ ఉండే రీలోడింగ్ ప్రెస్‌లోనే బిగించుకునే డై, కింద ర్యామ్‌లో (హ్యాండిల్ లాగితే కదిలే లావుపాటి కడ్డీలో) పెట్టే చదునైన పంచ్, పైన బుల్లెట్లు పడే డబ్బా. అంతే. బుల్లెట్ అడుగు పంచ్ మీద ఆనించి నిలబెట్టి హ్యాండిల్ లాగితే ముక్కు ముందుగా డైలోంచి పైకి వెళ్లిపోతుంది. తరవాతి బుల్లెట్ దాన్ని డబ్బాలోకి తోసేస్తుంది. అడుగు చదునైన ఉక్కు మీద ఆనుతుంది కాబట్టి వంకర రాదు. ముక్కు ఏ ఆకారంలో ఉన్నా దీనికి పట్టింపు లేదు. గ్యాస్ చెక్కులు కూడా చక్కగా కూర్చోబెడుతుంది. కాలిబర్ మారాలంటే డై విప్పి ఇంకోటి బిగించడం, రెండు నిమిషాల పని. ధర చూస్తే మిగతావాటి పక్కన చాలా తక్కువ. అర థౌ, ఒక థౌ పెద్దది కావాలంటే చీలిక పెట్టిన కడ్డీకి సన్నటి ఎమరీ కాగితం చుట్టి, నూనె వేసి, డ్రిల్‌తో తిప్పుతూ డైని కొంచెం కొంచెంగా అరగదీసుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు తొందర పనికిరాదు. కాసేపు తిప్పి, తుడిచి, ఒక బుల్లెట్ నెట్టి కొలవాలి. పెరిగిన రంధ్రం మళ్లీ తగ్గదు.

లీ కిట్ చెయ్యనిది గాడిలోకి లూబ్ ఎక్కించడం. దానికి లిక్విడ్ అలాక్స్ అనే గోధుమరంగు ద్రవం వాడతారు. ఒక డబ్బాలో బుల్లెట్లు వేసి కొన్ని చుక్కలు పోసి దొర్లించి, మైనపు కాగితం మీద పరిచి రాత్రంతా ఆరబెట్టాలి. .38 లాంటి నిదానమైన తూటాలకి అది చాలు. కానీ పూత జిగటగా ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే సీటింగ్ డైలో పేరుకుంటుంది. కాల్చినప్పుడు పొగ కూడా ఎక్కువ. ఆ జిడ్డు చేతికి అంటుకోవడం నాకు నచ్చదు. నెలకి రెండు మూడొందలు కాల్చేవాళ్లకి మాత్రం ఇంతకు మించి ఖర్చు పెట్టాల్సిన పని లేదని నిజాయితీగా చెప్తున్నాను.

పౌడర్ కోటింగ్ వచ్చాక లీ కిట్ విలువ ఇంకా పెరిగింది. కార్లకీ గేట్లకీ వేసే పౌడర్ పెయింటే ఇది. ప్లాస్టిక్ డబ్బాలో బుల్లెట్లతో కలిపి గిలకొట్టి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 20 నిమిషాలు కాలిస్తే గట్టి పొర ఏర్పడుతుంది. లూబ్‌తో పనే ఉండదు, పొగ తగ్గుతుంది, సీసం చేతికి అంటదు. పొర వల్ల వ్యాసం ఒకటి రెండు థౌ పెరుగుతుంది కాబట్టి కోటింగ్ తరవాత మళ్లీ సైజ్ చెయ్యాలి. దానికి ఈ నెట్టుడు డైని మించింది లేదు. కోటింగ్ ఒక్కటే చేసే ఉద్దేశం ఉంటే లూబ్రిసైజర్ జోలికే పోకండి. వాడే టోస్టర్ ఓవెన్ మాత్రం గ్యారేజీలోనే ఉండాలి, మళ్లీ జన్మలో అందులో బ్రెడ్డు పెట్టకూడదు.

మరి నేను ఆర్‌సీబీఎస్ ఎందుకు పెట్టుకున్నాను? నాకు గాడి నిండా లూబ్ ఉన్న బుల్లెట్ అంటే ఇష్టం. .38కీ, .45కీ పాతకాలపు వాడ్‌కట్టర్, సెమీ వాడ్‌కట్టర్ (ముక్కు చదునుగా ఉండే రకాలు) అచ్చులు వాడతాను. వాటి గాళ్లు లోతుగా, నలుచదరంగా ఉంటాయి. గట్టి లూబ్ కోసమే ఆ గాళ్లు చెక్కారు.

ఈ యంత్రం పనిచేసే తీరు చెప్తాను. బరువైన పోత ఇనుప చట్రం. కింద డై, దాని చుట్టూ సన్నటి రంధ్రాలు. డై లోపల పైకీ కిందకీ కదిలే పంచ్. పైన ర్యామ్‌కి టాప్ పంచ్, బుల్లెట్ ముక్కు ఆకారానికి తగ్గట్టు గుంట ఉంటుంది. పక్కన లూబ్ నిల్వ ఉండే గొట్టం, లోపల మరలు ఉన్న కడ్డీ, దాని మీద దిగే పిస్టన్. బుల్లెట్‌ని డై నోట్లో నిలబెట్టి హ్యాండిల్ కిందికి లాగితే అడుగు ముందుగా డైలోకి దిగుతుంది. దిగేటప్పుడు చేతికి చిన్న నిరోధం తగులుతుంది. ఎక్కడా కుదుపు లేకుండా ఒకే బరువుతో దిగిందంటే సైజు సరిగ్గా నడుస్తోందని అర్థం. ఒక బుల్లెట్ మరీ తేలిగ్గా జారితే అది సన్నగా పోసిందే, పక్కన పెట్టి కొలుస్తాను. కింద హ్యాండిల్‌ని ఒక్క క్షణం ఆపాలి. రంధ్రాల్లోంచి లూబ్ గాడిలోకి చుట్టూ నిండడానికి ఆ క్షణం కావాలి. హ్యాండిల్ పైకెత్తితే బుల్లెట్ బయటికొస్తుంది. నడుము చుట్టూ అంచుదాకా నిండిన రంగు పట్టీ, ఎక్కడా బుడగ లేకుండా, మిగతా ఒళ్లంతా అద్దంలా. మంచి ఫిట్టింగ్ చూసినప్పుడు కలిగే సంతోషమే నాకు అక్కడ కలుగుతుంది.

అలా రావాలంటే మూడు చోట్ల సెట్టింగ్ కుదరాలి. మొదటిది లోతు. కింద ఉన్న స్క్రూతో బుల్లెట్ ఎంతవరకు దిగాలో నిర్ణయించాలి. మరీ లోతుకి దిగితే పై రంధ్రాల్లోంచి లూబ్ ముక్కు మీదికి చిమ్ముతుంది. సరిగ్గా గాడి ఎదురుగా రంధ్రాల వరస రావాలి. అచ్చు మారితే ఈ లోతు మళ్లీ చూసుకోవాలి.

రెండోది ఒత్తిడి. రాట్చెట్ రెంచితో మర తిప్పితే పిస్టన్ లూబ్‌ని నొక్కుతుంది. కొన్ని బుల్లెట్లకోసారి కొంచెం తిప్పుతూ పోవాలి. ఇది పూర్తిగా చేతి అలవాటు. గాడి సగమే నిండితే కాస్త తిప్పాలి. బుల్లెట్ అడుగున లూబ్ కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైందన్నమాట. అడుగున అంటిన లూబ్‌ని తుడవకుండా లోడ్ చెయ్యకండి, కేసులో ఉన్న మందుకి అంటుకుంటుంది. బెవెల్ బేస్, అంటే అడుగు అంచు ఏటవాలుగా చెక్కిన బుల్లెట్లకి ఈ రకం యంత్రాలు కుదరవు. ఆ ఏటవాలు సందులో ప్రతిసారీ లూబ్ చేరుతుంది. ప్రతి బుల్లెట్ అడుగూ గుడ్డతో తుడుచుకుంటూ కూర్చోవాలి. లూబ్రిసైజర్ కొనాలనుకునేవాళ్లు చదును అడుగు అచ్చులే కొనండి.

మూడోది టాప్ పంచ్. ముక్కుకి సరిపోనిది పెడితే ముక్కు నలుగుతుంది, అంతకన్నా అన్యాయం ఏంటంటే బుల్లెట్ ఒరిగి దిగి, ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా గీసుకుంటుంది. పైకి చూస్తే తెలియదు, చదునైన గాజు పలక మీద దొర్లిస్తే తూగుతుంది. సరిపోయే నంబర్ దొరక్కపోతే కాస్త పెద్ద పంచ్‌ గుంటలో ఎపాక్సీ పెట్టి, నూనె రాసిన బుల్లెట్‌ని దాంట్లో నిటారుగా ఆనించి గట్టిపడనివ్వండి. మీ అచ్చుకే అచ్చంగా అమిరే పంచ్ తయారవుతుంది. వాడ్‌కట్టర్లకైతే చదును పంచ్ ఒకటి చాలు.

లైమన్ 4500 పని తీరు కూడా ఇదే. ఈ రెండిట్లో ఏదైనా ఒకటే అని నేను నమ్మకంగా చెప్పడానికి కారణం డైలు. లైమన్ డై ఆర్‌సీబీఎస్‌లో పడుతుంది, ఆర్‌సీబీఎస్ డై లైమన్‌లో పడుతుంది, టాప్ పంచులు కూడా అంతే. ఈ కుటుంబం చాలా పాతది. ఐడియల్ అనే కంపెనీ 1884లో మొదలైంది, 1925లో దాన్ని లైమన్ కొనేసింది. లైమన్ 45, 450, 4500 వరసగా వచ్చాయి. దశాబ్దాలుగా అమ్ముడైన డైలు సెకండ్ హ్యాండ్‌లో గుట్టలుగా దొరుకుతాయి. గన్ షోలో ఎవరో తాతగారి టేబుల్ మీద కాఫీ డబ్బాలో పడున్న డై కూడా ఈ రోజు కొత్త ప్రెస్‌లో పనిచేస్తుంది. కాలిబర్లు పెరిగేకొద్దీ ఖర్చు డైల మీదే కాబట్టి ఇది చిన్న లాభం కాదు. డై కొనగానే దాని మీద చెక్కిన నంబర్‌ని నమ్మకుండా మీ సీసంతో ఒక బుల్లెట్ నెట్టి కొలవండి. గట్టి మిశ్రమం డైలోంచి బయటికొచ్చాక కొంచెం ఉబ్బుతుంది, మెత్తటిది అంత ఉబ్బదు. ఏ డైతోనైనా రెండు మూడు థౌలకి మించి తగ్గించకండి. అంతకు మించితే గాళ్లు మూసుకుపోతాయి, అడుగున అంచు లేస్తుంది. అచ్చు మరీ లావుగా పోస్తుంటే అచ్చు మార్చడమే మంచిది.

4500 వైపు నన్ను లాగే సంగతి ఒకటుంది: దాని అడుగు భాగంలో హీటర్ కడ్డీ పెట్టుకోవడానికి రంధ్రం ఇచ్చారు. ఒహాయో చలికాలంలో గ్యారేజీలో కూర్చునేవాళ్లకి ఇది విలాసం కాదు. సగం అలాక్స్, సగం తేనెమైనం కలిపిన లూబ్ ఉంటుంది, ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) ఫార్ములా అని దానికి పేరు. అది మెత్తనిది, ఇంటి వేడికే కదులుతుంది. నేను ఎక్కువగా వాడేది అదే. గట్టి రకం లూబ్ కడ్డీలైతే వేడి లేకుండా రంధ్రాల్లోంచి దిగవు. బలవంతంగా రెంచి తిప్పితే లూబ్ కదలదు సరికదా, మర దెబ్బతింటుంది. నా ఆర్‌సీబీఎస్ కింద మందపాటి అల్యూమినియం పలక వేసి, దానికి చిన్న హీటర్ అమర్చుకున్నాను. చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటే చాలు. అంతకు మించి కాగితే లూబ్ కారి బెంచి అంతా పాకుతుంది. మీరు ఉండేది టెక్సస్‌లోనో, ఆరిజోనాలోనో అయితే ఎన్‌ఆర్‌ఏ రకం ఎండాకాలంలో మరీ మెత్తబడుతుంది. మీకు గట్టి రకమే నయం.

రెడ్డింగ్ కంపెనీ అమ్మే సేకో కూడా దృఢమైన యంత్రమే, వాడేవాళ్లు మెచ్చుకుంటారు. కానీ దాని డైలు దానివే. లైమన్, ఆర్‌సీబీఎస్ డైలు అందులో పట్టవు. ఇప్పటికే సేకో డైలు చేతిలో ఉన్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి నేను చెప్పను.

ఇక స్టార్. శాన్ డియేగోలో పుట్టిన ఈ డిజైన్‌ని తరవాత ఆరిజోనాలోని మాగ్మా ఇంజినీరింగ్ తయారుచేస్తూ వచ్చింది. దీంట్లో బుల్లెట్ ముక్కు ముందుగా కిందికి దిగుతుంది. తరవాతి బుల్లెట్ దాన్ని తోసుకుంటూ వెళ్తే, లూబ్ పట్టినది కింద నుంచి రాలి పడుతుంది. వెనక్కి తీసే పని లేదు. లూబ్ ఒత్తిడి కూడా తనే నిలుపుకుంటుంది, మాటిమాటికీ రెంచి అక్కర్లేదు. చదును పంచ్ ఒక్కటి చాలు, ముక్కు ఆకారంతో పనిలేదు. అక్కర్లేని రంధ్రాలని చిన్న సీసపు గుండుతో మూసేసుకోవచ్చు. మా క్లబ్బులో ఒక పెద్దాయన దగ్గర ఉంది. ఆయన పక్కన కూర్చుని బుల్లెట్లు అందిస్తుంటే నా చెయ్యి ఆయన వేగానికి అందలేదు. పనితనంలో వీటన్నిటిలోకీ స్టార్‌దే పైచెయ్యి, అందులో నాకు సందేహం లేదు.

అయినా ఈమధ్య కొలంబస్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసినప్పుడు వద్దన్నాను.

"అన్నా, స్టార్ బెస్ట్ అంటున్నారుగా. ఒకేసారి మంచిది కొనేద్దామనుకుంటున్నా."

"నెలకి ఎన్ని కాలుస్తావు తమ్ముడూ?"

"వీకెండ్ వీకెండ్ వెళ్తే ఓ మూడొందలు."

"ఎన్ని కాలిబర్లు?"

"9 ఎంఎం, .38, .45. రైఫిల్ కూడా ఒకటి తీసుకుందామనుంది."

నాలుగు కాలిబర్లు, మూడొందల బుల్లెట్లు. ప్రతిసారీ డై మార్చి, రంధ్రాలు సరిచూసి, లోతు కుదుర్చుకునే లోపల నా ఆర్‌సీబీఎస్ మీద ఆ మూడొందల్లో సగం అయిపోతాయి. స్టార్ డైల ధర కూడా ఎక్కువ. అదే .45 ఒక్కటే పట్టుకుని పోటీలకి సీజన్ అంతా వేలల్లో కాల్చేవాడైతే కళ్లు మూసుకుని స్టార్ కొనమనేవాణ్ణి. అతనికి ముందు లీ డైలు తీసుకోమన్నాను, బ్యారెల్ కొలతలు పంపమన్నాను. కొలతలొచ్చాక చూస్తే అతని .38కి 0.358 బాగానే ఉంది, 9 ఎంఎంకి మాత్రం 0.357 కావాల్సొచ్చింది.

సీసం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను, ఇంట్లో పిల్లలున్నవాళ్లు మరీ జాగ్రత్తగా చదవండి. సైజింగ్ చేసేటప్పుడు సీసం ఆవిరి రాదు, కానీ చేతులకి అంటుతుంది, సన్నటి పొట్టు బెంచి మీద రాలుతుంది. ఆ చేత్తో టీ కప్పు పట్టుకోవడం, వేరుశెనక్కాయలు నోట్లో వేసుకోవడం వద్దు. అయ్యాక సబ్బుతో, చన్నీళ్లతో మోచేతులదాకా కడుక్కోండి. ఆ చొక్కా విడిగా ఉతకండి. బెంచిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఏడాదికోసారి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోండి, డాక్టర్ని అడిగితే రాసిస్తారు. నేను మానకుండా చేయించుకుంటాను.

చివరగా సెకండ్ హ్యాండ్ సంగతి. లూబ్రిసైజర్‌ని కొత్తదే కొనాలని లేదు. ఇవి తేలిగ్గా అరిగిపోయే యంత్రాలు కావు, సగం ధరకే మంచివి దొరుకుతాయి. కొనేముందు హ్యాండిల్ లింకుల పిన్నులు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, కొంచెం ఆట ఉంటే పిన్నులు మార్చుకోవచ్చు. చట్రం అడుగున బోల్టు రంధ్రాల చుట్టూ టార్చ్ వేసి పగుళ్లు చూడండి. పోత ఇనుము పగిలితే వెల్డింగ్‌కి సరిగా లొంగదు, అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. నాకు ఆన్‌లైన్‌లో ఒకాయన అమ్మిన ప్రెస్ ఫోటోల్లో కొత్తదానిలా ఉంది, పెట్టె విప్పితే అడుగున వెంట్రుక మందం పగులుంది. తిరిగి పంపి డబ్బు రాబట్టుకోవడానికి చాలా ఉత్తరాలు రాయాల్సొచ్చింది. అప్పట్నుంచి బోల్టు రంధ్రాల దగ్గరి ఫోటో విడిగా అడగందే డబ్బు కట్టను. లూబ్ గొట్టంలో పాతది గట్టిపడి మర తిరక్కపోతే బెదరకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే కరిగి వదులుతుంది. వేడిచేశాక కూడా మర పట్టేస్తే మాత్రం మరల పళ్లు పోయాయని లెక్క. డై బిగించే నట్ ఉందో లేదో చూసుకోండి, అది లేకుండా అమ్మేసేవాళ్లు ఎక్కువ. ఒక డై, ఒక టాప్ పంచ్ కలిపి ఇస్తుంటే వాటి నంబర్లు అడిగి, మీ బ్యారెల్ కొలత పక్కన పెట్టి చూసుకున్నాకే బేరం ఆడండి.